పాత అమెరికన్ కాంపాక్ట్ కారు కొనాలంటే: డార్టా, ఫాల్కనా, నోవానా, హార్నెటా?

అమెరికాలో స్థిరపడిన మన వాళ్లలో కొందరికి, ఇంటి ముందు ఒకటికి రెండు కొత్త కార్లు చేరిన తరువాత, సొంత చేతులతో విప్పి బిగించుకోగల పాత బండి ఒకటి ఉంటే బాగుండునన్న కోరిక పుడుతుంది. చిన్నప్పుడు ఊళ్లో అంబాసిడర్ బానెట్ ఎత్తి కార్బురేటర్ ఊదుతున్న డ్రైవరు పక్కన నిలబడి చూసిన వాళ్లకు ఈ కోరిక మరీ ఎక్కువ. అలాంటి వాళ్ల చూపు సాధారణంగా మస్టాంగ్, కమారో వంటి పేరున్న బండ్ల మీద పడుతుంది గాని, అవే కంపెనీలు అదే కాలంలో బడి పంతుళ్లూ గుమాస్తాలూ రోజూ నడుపుకోవడానికి తయారు చేసిన సాదాసీదా కాంపాక్ట్ కార్లు వాటికంటే చౌకగా దొరుకుతాయి, తక్కువ ఇబ్బంది పెడతాయి. నేను చాలా ఏళ్లుగా 1969 నాటి ప్లిమత్ వాలియంట్ ఒకటి నడుపుతున్నాను కనుక నా మొగ్గు ఎటో దాచడం కష్టం. అయినా అందరికీ అదే తగినదని మాత్రం చెప్పను.

కాంపాక్ట్ అన్న మాటను మన కొలతతో చూడకూడదు. 1960లో వచ్చిన ఫోర్డ్ ఫాల్కన్ పొడవు దాదాపు 4.6 మీటర్లు, 1967 నాటి డాడ్జ్ డార్ట్ పొడవు దాదాపు 5 మీటర్లు, మన అంబాసిడరేమో 4.3 మీటర్ల చుట్టుపక్కల. అంటే అమెరికా వాళ్లు చిన్న కారు అన్నది మన పెద్ద కారుకంటే పెద్దది. గరాజు లోతు కొలిచి చూసుకోకుండా బేరం మొదలుపెట్టవద్దు.

పోల్చదగినవి నాలుగు కుటుంబాలు: క్రైస్లర్ వారి వాలియంట్, డార్ట్, ఫోర్డ్ వారి ఫాల్కన్, దాని తరువాత వచ్చిన మావెరిక్, షెవర్లే వారి నోవా, అమెరికన్ మోటార్స్ వారి రాంబ్లర్ అమెరికన్, హార్నెట్. షెవర్లే కార్వేర్ కూడా ఆ కాలపు కాంపాక్టే అయినా, వెనుక అమర్చిన, గాలితో చల్లబడే దాని ఇంజను పద్ధతి పూర్తిగా వేరు కనుక మొదటిసారి పాత కారు కొనే వారికి దాన్ని సూచించను. ఈ నాలుగు కుటుంబాలకూ ఉమ్మడిగా ఉన్నది, వరుసగా ఆరు సిలిండర్లున్న ఇనుప ఇంజను. నాలుగూ మంచివే, సరిగ్గా నూనె మారుస్తూ వస్తే నాలుగూ లక్ష మైళ్లు దాటి నడిచేవే. కాబట్టి ఏ ఇంజను గొప్పది అన్న వాదనలో అమెరికన్లు గడిపినంత కాలం మనం గడపనక్కరలేదు. తేడా వచ్చేది బండి రేకులోనూ, బ్రేకుల్లోనూ, విడిభాగాలు దొరకడంలోనూ.

అయినా ముందుగా క్రైస్లర్ ఇంజను గురించి కాస్త చెప్పక తప్పదు, ఎందుకంటే మన్నికకు పేరు పడింది అదే. 1960 మోడల్ వాలియంట్‌తో వచ్చిన ఈ ఇంజను నిటారుగా కాక ప్రయాణికుడి వైపుకు 30 డిగ్రీలు వాలి కూర్చుంటుంది. అందుకే దానికి స్లాంట్ సిక్స్ అన్న పేరు వచ్చింది. అలా వాల్చడం వల్ల బానెట్ ఎత్తు తగ్గింది, నీటి పంపు పక్కకు జరగడానికి చోటు దొరికి ఇంజను పొడవూ తగ్గింది. మొదట్లో 170 క్యూబిక్ అంగుళాలది, ఆ వెంటనే 225 క్యూబిక్ అంగుళాలది వచ్చాయి. కొంతకాలం 198 కూడా ఉండేది. 1976 నడుమ వరకు క్రాంక్ షాఫ్టును (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే కడ్డీని) పోతపోయకుండా సమ్మెటతో సాగగొట్టి తయారు చేశారు. ప్యాసింజరు కార్లలో 1983 వరకు, ట్రక్కుల్లో 1987 వరకు ఇదే ఇంజను కొనసాగిందంటే దాని మన్నికకు వేరే సాక్ష్యం అక్కరలేదు.

దీని వాల్వులకు ఎప్పటికప్పుడు సందు సరిచూడాలి. ఇంజను బాగా వేడెక్కాక, ఐడిల్‌లో తిరుగుతుండగానే పైమూత తీసి, అంగుళంలో వెయ్యో వంతు లెక్కన ఇన్‌టేక్‌కు పది, ఎగ్జాస్టుకు ఇరవై ఉండేలా ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకు) దూర్చి చూడాలి. వాల్వులను నొక్కే రాకర్ల మీద ఉన్న స్క్రూలు వాటంతటవే బిగిసి నిలిచేవి కనుక లాక్ నట్టు విప్పే పని లేదు. ఒక స్పానరు, ఒక గేజి, పన్నెండు వాల్వులు, మొదటిసారి ఒక మధ్యాహ్నం పడుతుంది. గేజి బిగువుగా అయినా తేలికగా కదలాలి, చల్లారిన వెన్నలో కత్తి దిగినట్టు. నూనె చిట్లి చొక్కా మీద పడుతుంది, అది ముందే తెలిసి ఉంటే పాత చొక్కా వేసుకుంటారు. ఈ పని చేయడం ఇష్టం లేని వారు నోవా వైపు వెళ్లడం మేలు, ఎందుకంటే దానిలో నూనె ఒత్తిడితో సందును తామే సరిచేసుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లకు ఈ సేవ అవసరం లేదు.

స్లాంట్ సిక్స్ లోపాలు ముందే తెలిసి ఉంటే అవి లోపాలు కావు, అలవాట్లు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పగిలే అవకాశం ఉంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి టిక్కుటిక్కుమన్న చప్పుడు వస్తోందేమో వినాలి. ఆయిల్ ఫిల్టరు మూతి కిందికి ఉండేలా అమర్చారు కనుక విప్పగానే నూనె ఇంజను పక్కన కారుతుంది. తాళం తిప్పినప్పుడు ఇంజను అందుకుని, చేయి వదలగానే ఆగిపోతే, అది దాదాపు ఎప్పుడూ బ్యాలస్ట్ రెసిస్టర్ అన్న చిన్న పింగాణీ ముక్క చేసే పని. ఇంకొకటి కొని డ్యాష్‌బోర్డు అరలో పడేసుకుంటే చాలు. వీటికంటే గట్టిగా పట్టించుకోవలసింది విద్యుత్తు విషయం. ఆ కాలపు క్రైస్లర్ బండ్లలో చార్జింగ్ కరెంటు మొత్తం డ్యాష్‌బోర్డులోని అమ్మీటరు గుండా పోతుంది, ఇంజను గదికీ లోపలికీ నడుమ గోడలో ఉన్న కనెక్టరు వయసు మీరి వేడెక్కి కరుగుతుంది. ఆ కనెక్టరు విప్పించి, గోధుమరంగుకు తిరిగిన పిన్ను ఒక్కటి కనిపించినా వైరింగు సరిచేయించే ఖర్చు ధరలోంచి తగ్గించమనాలి.

ఫాల్కన్ కథ వేరు. తరువాత అమెరికా రక్షణ మంత్రి అయిన రాబర్ట్ మెక్‌నమారా ఫోర్డులో ఉన్నప్పుడు పట్టుబట్టి తెచ్చిన పొదుపు బండి అది. 1960 మోడల్‌గా 144 క్యూబిక్ అంగుళాల చిన్న ఇంజనుతో వచ్చింది. తేలికైన బండి, నగర వీధుల్లో తిప్పుకోవడానికి హాయిగా ఉంటుంది. దీని పెద్ద బలం, 1964లో వచ్చిన మస్టాంగ్ దీని పునాది మీదే కట్టబడింది. అందువల్ల మస్టాంగ్ అభిమానుల కోసం నేటికీ తయారవుతున్న బుష్‌లు, బ్రేకు సామాను, స్టీరింగు ముక్కల్లో చాలా వరకు ఫాల్కన్‌కూ పనికివస్తాయి. అయితే ఆరు సిలిండర్ల ఫాల్కన్లకు చక్రానికి నాలుగే నట్లు, తొలి బండ్లకు 13 అంగుళాల రిమ్ములు. ఆ సైజులో మంచి టైరు వెదకడం ఈ రోజుల్లో ఓపిక పరీక్షే. ఇంజనుల్లో 1965 నుంచి వచ్చిన, క్రాంక్ షాఫ్టును మోసే మెయిన్ బేరింగులు ఏడున్న 200 మాత్రమే తీసుకోమంటాను. 144తో పెద్ద రహదారి ఎక్కితే వెనుక ట్రక్కుల హారను వింటూ పోవలసి వస్తుంది. ఇన్‌టేక్ మానిఫోల్డును సిలిండర్ హెడ్‌తో కలిపి ఒకే పోతగా పోశారు కనుక తరువాత శక్తి పెంచుకుందామన్న ఆశ పెట్టుకోవద్దు. ఇంకో మాట, డిక్కీ అడుగుభాగమే పెట్రోలు ట్యాంకు పైభాగం. వెనుక నుంచి గుద్దుకుంటే ఏమవుతుందో ఆలోచించి, ఆ నడుమ ఉక్కు రేకు వేయించుకునే వాళ్లు ఉన్నారు. అది దండగ ఖర్చు కాదు.

మావెరిక్‌ను 1969 ఏప్రిల్‌లో 1,995 డాలర్ల ధరకు విడుదల చేశారు, 1977 వరకు కొనసాగించారు. చూడటానికి చలాకీగా ఉంటుంది, తొలి బండ్లలో డ్యాష్‌బోర్డు అర కూడా లేకుండా కేవలం ఒక తట్ట లాంటిది పెట్టి సరిపుచ్చారు. పొదుపు అంటే అంత పొదుపు.

నోవా గురించి చెప్పవలసింది తక్కువ, ఎందుకంటే దాని మంచీ చెడూ ఒకే చోట ఉన్నాయి: అది అందరికీ కావాలి. 1968లో మారిన నోవాకు కమారోతో పోలిన ముందు సబ్‌ఫ్రేమ్ (ముందుభాగాన్ని మోసే ఉక్కు చట్రం) ఉంది, 250 క్యూబిక్ అంగుళాల ఇంజనుకు ఏడు మెయిన్ బేరింగులున్నాయి, తలుపు నుంచి తీగ వరకు ప్రతి ముక్కా కొత్తది దొరుకుతుంది. అందుకే దానిలో వి-8 దించి పందేలకు వాడే వాళ్లు ధర పెంచేశారు, చెక్కుచెదరని ఆరు సిలిండర్ల బండి కనబడటమే అరుదైంది. తక్కువలో కావాలంటే దాని తోబుట్టువులను చూడండి: పాంటియాక్ వెంచురా, ఓల్డ్స్‌మొబైల్ ఒమెగా, బ్యూక్ అపోలో, లోపల అదే బండి. పరీక్షగా చూడవలసినవి రెండు. ఒకటి, క్యామ్ షాఫ్టును తిప్పే ఫైబరు పళ్ల చక్రం అరుగుతుంది, ఎప్పుడు మార్చారో అడగాలి. రెండు, చాలా బండ్లలో ఉన్న పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్‌కు రెండే గేర్లు. అదే వాలియంట్‌కు 1960 నుంచే మూడు గేర్ల టార్క్‌ఫ్లైట్ ఉంది. ఆగిన చోటి నుంచి వేగం అందుకునేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది.

అమెరికన్ మోటార్స్ బండ్లను చాలామంది లెక్కలోకి తీసుకోరు, నా దృష్టిలో అది పొరపాటు. 1964లో వచ్చిన వీరి 232 క్యూబిక్ అంగుళాల ఇంజను వంశమే పెరిగి పెరిగి జీప్‌లలో 2006 వరకు నడిచిన 4.0 లీటర్ల ఇంజను అయింది, కనుక ఇంజను సామానుకు కొదవ లేదు. 1972 నుంచి ఆటోమేటిక్ కూడా క్రైస్లర్ వారి టార్క్‌ఫ్లైటే. కానీ 1987లో ఆ కంపెనీ క్రైస్లర్‌లో కలిసిపోయింది, హార్నెట్ తలుపు పట్టీ గాని, వెనుక దీపం అద్దం గాని పగిలితే పాత బండ్ల పాతరల్లో వెదుక్కోవాలి. వీరి పాత బండ్లలో కొన్నింటికి వైపర్లు ఇంజను వాక్యూమ్‌తో నడుస్తాయి. వానలో ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు తొక్కితే వైపరు నిద్రపోతుంది. వెదకడంలో ఆనందం పొందేవారికి హార్నెట్ మంచి బేరం, వెదకడం విసుగయ్యేవారికి కాదు.

ఇక అసలు విషయం, తుప్పు. నాలుగు కుటుంబాలవీ చాసిస్ విడిగా లేని బండ్లే, నోవాకు ముందుభాగం మాత్రం బోల్టులతో బిగించిన సబ్‌ఫ్రేమ్. అంటే నేల రేకే ఎముక. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వంటి చోట్ల చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ ఎముకను తినేస్తుంది; అరిజోనా, న్యూ మెక్సికో ఎండల్లో సీటు గుడ్డ చిరుగుతుంది, డ్యాష్‌బోర్డు పగులుతుంది, రేకు మాత్రం నిలుస్తుంది. సీటు కుట్టించడం చౌక, రేకు కోయించి అతికించడం ఖరీదు. పదిహేను వందల మైళ్ల అవతల నుంచి లారీ మీద తెప్పించుకున్నా పొడి రాష్ట్రపు బండే చివరికి చౌక పడుతుంది.

నేను ఒకసారి చూడబోయిన బండి ఇంజను వీణలా పలికింది, రంగు అద్దంలా మెరిసింది. డ్రైవరు కాళ్ల దగ్గర రబ్బరు చాప ఎత్తి చూస్తే, నేల రేకు స్థానంలో ఒక వేగ పరిమితి బోర్డును చదును చేసి రివెట్లు కొట్టి ఉంది, అంకెలు కూడా చెరిగిపోలేదు. ఆ రోజు నుంచి జేబులో ఒక అయస్కాంతం, పలుచని గుడ్డ, టార్చిలైటు లేకుండా బండి చూడటానికి వెళ్లడం మానేశాను. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని చక్రాల పై అంచుల వెంట, తలుపుల కింది భాగాన జరుపుతూ పోతే, లప్పం పూసిన చోట అది జారి పడిపోతుంది. ఫాల్కన్, మావెరిక్‌లలో ముందు అద్దం కింద ఉన్న గాలి జల్లెడలో ఒక చెంబెడు నీళ్లు పోసి, లోపల కాళ్ల దగ్గర తడి వస్తుందేమో చూడాలి. వస్తే లోపలి గాలి గూడు పుచ్చిపోయిందని అర్థం, దాన్ని బాగు చేయాలంటే ముందు భాగమంతా విప్పాలి. డార్ట్, వాలియంట్‌లలో ముందు సస్పెన్షన్‌కు స్ప్రింగుల బదులు మెలితిరిగి భారం మోసే టార్షన్ బార్లు ఉంటాయి, వాటి వెనుక కొసలు ముందు సీట్ల కింద ఉన్న అడ్డ దూలంలో ఇరుక్కుని బండి ముందు భారమంతా మోస్తాయి. ఆ అడ్డ దూలం స్క్రూడ్రైవరుతో పొడిస్తే కరకరలాడిందంటే, ఇంజను ఎంత బాగున్నా నమస్కారం పెట్టి వచ్చేయాలి. వెనుక అద్దం కింది అంచు, డిక్కీ నేల కూడా చూడవలసినవే. నోవాలో సబ్‌ఫ్రేమ్ బోల్టులు దిగే చోట్లు ముఖ్యం.

తయారైన సంవత్సరం ఎంచుకునేటప్పుడు మూడు గీతలు గుర్తుంచుకుంటే చాలు. 1967కు ముందు బండ్లలో చాలావాటికి బ్రేకు మాస్టర్ సిలిండరు ఒకే గదిది; ఒక్క గొట్టం చిల్లు పడితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. 1968 నుంచి ముందు సీట్లకు భుజం బెల్టులు చట్టప్రకారం తప్పనిసరి అయ్యాయి, 1969 మొదటి నుంచి తల ఆనించే దిళ్లు కూడా. 1973 నాటికి డార్ట్ కుటుంబంలో ముందు డిస్కు బ్రేకులతో వచ్చిన బండ్లకు చక్రపు నట్ల కొలత అందరూ వాడే కొలతకు మారింది, అంతకు ముందు ఉన్న చిన్న కొలతకు రిమ్ములు దొరకడం కష్టం. పైగా ఆ ఏడాది నుంచి పాయింట్లు (నిప్పురవ్వ పుట్టించే, అరిగిపోయే స్విచ్చు) అక్కరలేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అన్ని క్రైస్లర్ బండ్లకూ ఇచ్చారు. కాలిఫోర్నియాలో ఉండేవారు 1975 మోడల్ దాటి రావద్దు, అక్కడి పొగ పరీక్ష 1976 మోడల్ నుంచి మొదలవుతుంది. 1974 మోడల్ కొంటే, బెల్టు పెట్టుకోనిదే స్టార్టు కాని ఏర్పాటు ఒకటి అందులో ఉంటుంది. జనం తిట్టిపోయగా ఆ ఏడాదే ఆ చట్టం ఎత్తేశారు, చాలా బండ్లలో దాని తీగ ఎప్పుడో తెంపేసి ఉంటారు.

ఈ లెక్కలన్నీ చూస్తే, వారానికి రెండు మూడు రోజులైనా నడిపే ఉద్దేశం ఉన్నవారికి 1973 నుంచి 1975 లోపు, 225 ఇంజను, టార్క్‌ఫ్లైట్, ముందు డిస్కు బ్రేకులు ఉన్న నాలుగు తలుపుల డార్ట్ లేదా వాలియంట్ నా మొదటి సలహా. నాలుగు తలుపులు అని ఊరికే అనలేదు. పాత కార్ల మోజున్న వారికి రెండు తలుపులదే అందం కనుక నాలుగు తలుపులది ఎవరూ అడగక అదే బండి చాలా తక్కువకు వస్తుంది, అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు వెనుక సీట్లోకి వంగకుండా ఎక్కుతారు కూడా. సొంతంగా ఏమీ విప్పను, ముక్క తెచ్చి ఇస్తే మెకానిక్కు వేస్తాడు అనుకునేవారికి నోవా లేదా దాని తోబుట్టువులు. ఊళ్లోనే ఆదివారం తిప్పుకోవడానికి అందమైన చిన్న బండి కావాలంటే 1965 తరువాతి 200 ఇంజను ఫాల్కన్. క్రైస్లరే కావాలనుకుని కూడా డార్ట్ వారసులైన ఆస్పెన్, వొలారేల తొలి బండ్లు మాత్రం వద్దు; ముందు ఫెండర్లు తుప్పు పట్టి కంపెనీయే వెనక్కి పిలిచి మార్చవలసి వచ్చిన బండ్లు అవి. ఏ బండి అయినా సరే, చిన్న పిల్లలున్న ఇంట్లో ఇదే ఏకైక కారు కాకూడదు. గాలి సంచులు లేవు, వెనుక సీట్లో చాలా వాటికి నడుము బెల్టే ఉంటుంది, పిల్లల సీటు బిగించే నేటి కొక్కేలు అప్పటికి పుట్టలేదు.

ఖర్చు విషయం త్వరగా ముగిస్తాను. ఆరు సిలిండర్ల డార్ట్‌కు గాలనుకు 16 నుంచి 20 మైళ్లు వస్తే సంతోషించాలి, అంటే లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు. మామూలు బీమా బదులు, బండి విలువ ఎంతో ముందే ఇద్దరూ ఒప్పుకుని రాసుకునే పాత కార్ల బీమా తీసుకుంటే ప్రీమియం తక్కువ. కానీ అందులో రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వాడకూడదన్న షరతు సాధారణంగా ఉంటుంది, పురాతన వాహనాల నంబరు ప్లేటుకూ చాలా రాష్ట్రాల్లో అలాంటి కట్టుబాట్లే ఉన్నాయి. సంతకం పెట్టే ముందు అది చదవండి.

బండి ఇంటికి చేరాక రంగు గురించీ రేడియో గురించీ ఆలోచించే ముందు, బ్రేకు రబ్బరు గొట్టాలు మూడూ, పెట్రోలు గొట్టాలన్నీ మార్చేయాలి. నేటి పెట్రోలులో పది శాతం దాకా కలిసే ఇథనాల్ పాత రబ్బరును లోపలి నుంచి మెత్తబరుస్తుంది, వేడి మానిఫోల్డు పక్కన పెట్రోలు కారడం మంచిది కాదు. తరువాత టైర్లు. గాడులు నిండుగా కనిపించినా టైరు గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడాలి, మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. పదేళ్లు దాటితే అది టైరు కాదు, బొమ్మ. టైర్లు మార్పించేటప్పుడు 1970 లోపు క్రైస్లర్ బండ్ల విషయంలో దగ్గరే నిలబడండి, ఎందుకంటే ఎడమ వైపు చక్రాల నట్లకు లెఫ్ట్ త్రెడ్, బోల్టు కొస మీద ఎల్ అక్షరం చెక్కి ఉంటుంది. నేను కాఫీ తాగి వచ్చేలోపు ఒక టైర్ల దుకాణంలో కుర్రవాడు మెషిను పెట్టి అన్నిటినీ ఒకే దిక్కున తిప్పి ఎడమ ముందు చక్రానికి రెండు బోల్టులు విరిచాడు. పాపం అతను పుట్టేటప్పటికే ఆ మర వాడుక పోయి ముప్పై ఏళ్లయింది. ఇప్పుడు దుకాణానికి తీసుకెళ్లే ముందు స్టీరింగుకు ఒక అట్టముక్క కట్టి, ఎడమ చక్రాల నట్లు కుడివైపుకు తిప్పితేనే ఊడతాయని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి పెడుతున్నాను.